అంకణం లెక్క

నెల్లూరులో స్థలం కొలత గజాలలో చెబితే ఎదుటివాడు ఒక్క క్షణం ఆగి, మనసులో ఎనిమిదితో భాగించుకొని, ఆ తరువాతే తల ఊపుతాడు. ఇక్కడ నేలకు కొలత అంకణం. నెల్లూరు అంకణమంటే 72 చదరపు అడుగులు, అనగా 8 చదరపు గజాలు. తిరుపతికి పోతే అదే పేరుగల కొలత 36 అడుగులకు కుదించుకుపోతుంది. అందుచేత తిరుపతి వియ్యంకులతో స్థలాల ప్రస్తావన వచ్చినప్పుడు నెల్లూరువారు ముందుగా "ఏ అంకణం?" అని అడిగి తేల్చుకోవడం ఆరోగ్యకరం. నిఘంటువులో ఈ మాటకు మరో అర్థం ఉంది: ఇంటిలో రెండు దూలాల నడుమ ఉండే చోటు. నేలను కొలిచే మాట ఇంటి కప్పు కింద పుట్టిందన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజున నాకు చాలా సంతోషం కలిగింది; ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

మూలాపేటలో మా ఇల్లు 75 అంకణాలు. మా ముత్తాత కట్టించినది. వీధి వైపు మిద్దె, వెనుక పెంకుటిల్లు, నడుమ వసారా, పెరట్లో బావి. 2021 ఫిబ్రవరి వరకు అది ఇల్లు. ఇప్పుడు ఆ స్థలంలో పార్కింగు మీద ఐదంతస్తులు, అంతస్తుకు రెండు చొప్పున 10 ఫ్లాట్లు ఉన్నాయి. ఐదు మావి, ఐదు కట్టినాయనవి. ఇందులో వింత ఏమీ లేదు. ఈ టపా చదివేవారిలో సగం మంది తాతల ఇళ్ళు ఈపాటికి ఇలాగే ఏ 'రెసిడెన్సీ'గానో, 'ఎన్‌క్లేవ్'గానో మారి ఉంటాయి. అయితే ఉమ్మడి ఇల్లు ఫ్లాట్లుగా మారే క్రమంలో ఎవరి వాటా ఎంత అన్న ఒక్క ప్రశ్న చుట్టూ వెయ్యేళ్ళ ధర్మశాస్త్రమూ, ముప్పై అయిదేళ్ళ శాసనసభల చరిత్రా, మా పెద్దత్త మొండితనమూ ఎట్లా ముడిపడ్డాయో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు మనుషుల లెక్క. ముత్తాత 1948లో పోయారు. ఆయనకు మా తాత ఒక్కడే కొడుకు. తాతకు అయిదుగురు సంతానం: పెదనాన్న, పెద్దత్త, నాన్న, చిన్నాయన, చిన్నత్త. పెద్దత్తకు 1968లో పెండ్లయింది, చిన్నత్తకు 1988లో. ఈ రెండు సంవత్సరాలనూ దయచేసి గుర్తుంచుకోండి. కథంతా వీటి మీదనే నడుస్తుంది. తాత 1991లోను, అవ్వ 2003లోను పోయారు. ఇల్లు ఏనాడూ కాగితం మీద పంచుకోలేదు. ఎవరు ఏ గదిలో ఉండాలో అలవాటు చెప్పింది, ఏ పండుగ ఎవరి చేతి మీదుగా జరగాలో అవ్వ చెప్పింది.

పంచుకోకపోవడం బద్ధకం వల్లనే అని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కాదని మొదట తెలిసింది వెనుక పెంకుటింట్లో అద్దెకుండిన పండితులవారి వల్ల. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విరమించిన మనిషి, ముప్పై ఏళ్ళకు పైగా మా పెరట్లోనే ఉన్నారు. ఆయన అనేవారు: "మీ ఇంటి వకీలు కేతన". తిక్కన కాలపువాడైన కేతన పేరు చెప్పగానే మనకు తిక్కనకు అంకితమిచ్చిన దశకుమారచరిత్రము, తెలుగులో రాసిన తొలి తెలుగు వ్యాకరణమైన ఆంధ్రభాషాభూషణము గుర్తుకు వస్తాయి. ఆయన మూడో పుస్తకాన్ని పట్టించుకునేవారు తక్కువ. అది విజ్ఞానేశ్వరీయము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్యానానికి తెలుగు పద్యరూపం. మితాక్షర అంటే కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుని కొలువులో పుట్టి, బెంగాలు, అస్సాములు తప్ప తక్కిన హిందూ కుటుంబాల ఆస్తి వ్యవహారాలన్నింటినీ నిన్న మొన్నటి వరకు ఏలిన గ్రంథం. ఆ పుస్తకపు మూలసూత్రం, కొడుకుకు తాతల ఆస్తిలో హక్కు తండ్రి చనిపోయాక వచ్చేది కాదు, పుట్టుకతోనే వచ్చేది అని. తిక్కన పెన్న ఒడ్డున కూర్చొని అయిదూళ్ళయినా ఇవ్వని దాయాదుల కథను తెనిగిస్తున్న రోజుల్లోనే, ఆయనకు పుస్తకం అంకితమిచ్చిన కవి దాయభాగపు చట్టాన్ని పద్యాలలోకి దింపాడు. నెల్లూరుకు ఆస్తి తగాదాలతో ఉన్న అనుబంధం ఇప్పటిది కాదు.

పుట్టుకతో హక్కు వచ్చేది కొడుకులకు మాత్రమే. కూతురికి ఆ ఇంట పుట్టడం వల్ల ఒరిగేది లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి సొంత ఆస్తిలో కూతురిని కొడుకుతో సమానం చేసింది గాని, తాతల నాటి ఉమ్మడి ఆస్తి జోలికి పోలేదు. చనిపోయిన తండ్రికి ఆ ఉమ్మడిలో ఎంత వాటా వచ్చేదో ఊహించి, ఆ ఒక్క ముక్కలో మాత్రం కూతురికి భాగమిచ్చింది. పైగా 23వ సెక్షను ఒకటి ఉండేది. నివాసగృహమైతే మగ వారసులు పంచుకుందామని అనుకునేదాకా ఆడ వారసులు పంపకం అడగరాదు. అడిగే హక్కు లేని వాటాను వాటా అనవచ్చునా అని నాకొక అనుమానం.

తరువాత ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1986లో ఆ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో ఉమ్మడి హక్కుదారు అని దేశంలో మొదట శాసనం చేసినది మన రాష్ట్రమే. అయితే ఒక మెలిక. ఆ తేదీకి ముందే పెండ్లయిన కూతుళ్ళకు ఇది వర్తించదు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే బావి నీళ్ళు తోడిన ఇద్దరక్కచెల్లెళ్ళలో చిన్నత్త ఆ రోజుతో సోదరులకు సమానమయింది, పెద్దత్త కాలేదు. పెండ్లి పందిరి 1968లో వేశారు గనుక.

అంకణాలలోకి మారిస్తే ఇది ఎట్లా ఉంటుందో చూడండి. తాత పోయేనాటికి ఉమ్మడి హక్కుదారులు తాత, ముగ్గురు కొడుకులు, చిన్నత్త: తలకు 15 అంకణాలు. తాత 15ను అవ్వకూ అయిదుగురు బిడ్డలకూ ఆరు భాగాలు చేస్తే తలకు రెండున్నర. అవ్వ పోయాక ఆమె రెండున్నర అయిదుగురికీ తలకు అర. అంటే ముగ్గురన్నదమ్ములకూ, చిన్నత్తకూ 18 చొప్పున 72, పెద్దత్తకు 3. మొత్తం 75. లెక్క ఇంత చక్కగా తెగడం చూసి వకీలుగారు కూడా ముచ్చటపడ్డారు. పెద్దత్త పడలేదు.

పెద్దత్త సంగతి చెప్పాలంటే రొయ్యల సంగతి చెప్పాలి. తొంభైల ఆరంభంలో నెల్లూరు తీరానికి పట్టిన రొయ్య పిచ్చి చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. బకింగ్‌హాం కాలువ అవతలా ఇవతలా, ఉప్పుటేరు వాసన తగిలిన ప్రతి చెక్కా టైగర్ రొయ్యల గుంట అయింది. వరి పండిన నేలలు ఉప్పునీళ్ళు తాగాయి. గుమాస్తాలు ఉద్యోగాలు మాని గట్ల మీద టార్చిలైట్లతో కాపలా పడుకున్నారు. మా చిన్నాయన మైపాడు దారిలో 1992లో గుంటలు కౌలుకు తీసుకున్నాడు. మొదటి రెండు పంటలకు మా ఇంట్లో కలర్ టీవీ, పెరట్లో బోరింగు వచ్చాయి. 1994లో తెల్లమచ్చల తెగులు వచ్చింది. సాయంత్రం చెక్కుట్రేలో ఎగిరిన రొయ్య తెల్లవారేసరికి గట్టు వారన తేలేది. మేతకు ఇచ్చిన అరువు, పిల్లకు తెచ్చిన అప్పు, నూటికి మూడు వడ్డీ. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరంలో నిషిద్ధ ప్రాంతపు గుంటలను తొలగించమని తీర్పు చెప్పేనాటికి చిన్నాయన గుంటలు ఎండిపోయి రెండేళ్ళయింది. కోర్టు తొలగించడానికి ఏమీ మిగలలేదు.

అప్పులవాళ్ళు అడిగింది ఇంట్లో ఆయన వాటా. మొదట బ్యాంకులో తాకట్టు పెడదామని పోతే, పంపకం కాని వాటా మీద అప్పు ఇవ్వలేమన్నారు. అమ్మేద్దామని చూస్తే, కొనవచ్చినవాడు తన వకీలును అడిగి వెనక్కు తగ్గాడు. మన ప్రాంతపు న్యాయం ప్రకారం ఉమ్మడి హక్కుదారు తన అవిభక్త వాటాను అమ్ముకోవచ్చు, తప్పు లేదు. కొన్నవాడు మాత్రం ఇంట్లో కాలు పెట్టలేడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను, కుటుంబం కాపురముండే ఇంట్లో వాటా కొన్న పరాయివాడికి వాళ్ళతోపాటు స్వాధీనం అడిగే హక్కు లేదంటుంది. అతడు చేయగలిగింది పంపకానికి దావా వేయడమే. దావా వేస్తే 1893 నాటి పంపకాల చట్టం కింద ఇంటివాళ్ళు అతని వాటాను కోర్టు కట్టిన ధరకు తామే కొనేసుకోవచ్చు. పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగి చివరికి డబ్బు పుచ్చుకొని వెళ్ళడానికి ఎవడు ముందుకొస్తాడు? విభజన లేకపోవడమే ఆ రోజుల్లో మా ఇంటికి ప్రహరీగోడ. ఆ వాటాలు విడివిడిగా రిజిస్టరై ఉంటే మా ఇంట్లో నాలుగోవంతు 1995లోనే మేతల వ్యాపారిది అయి ఉండేది.

అప్పు మాత్రం తీర్చాలి గదా. తీర్చినది పెద్దత్త. ఇందుకూరుపేట దగ్గర మామకున్న పొలంలో ఎకరంన్నర అమ్మి ఇచ్చారు. నోటు లేదు, పత్రం లేదు. మామ 1999లో పోయాడు. ఆ డబ్బు తిరిగి ఇచ్చినట్టుగాని, ఇవ్వనట్టుగాని మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

ఇక 2018కి వద్దాం. పెదనాన్న అప్పటికి లేరు. ఆయన కొడుకు, మా అన్నయ్య, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. మిద్దె ఉరుస్తోంది, పెంకులు నేసేవాళ్ళు దొరకడం లేదు. ఆ ఏడాది ఒక బిల్డరు వచ్చాడు. సగం సగం లెక్కన పది ఫ్లాట్లు. వాటాలు తేలనిదే డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రిజిస్టరు కాదు గనుక, 2019లో కుటుంబ ఒప్పందపు ముసాయిదా ఒకటి తయారైంది. అన్నదమ్ముల కుటుంబాలకు ఒక్కొక్క ఫ్లాటు, చిన్నత్తకు ఒకటి, అయిదోది అమ్మి నలుగురూ పంచుకోవడం. పెద్దత్త 3 అంకణాలకు ధర కట్టి రొక్కం ఇచ్చి, ఆమె చేత హక్కు విడుదల పత్రం రాయించుకోవడం. చట్టప్రకారం అందులో వేలు పెట్టడానికి సందు లేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెండ్లి తేదీలతో నిమిత్తం లేకుండా కూతుళ్ళందరినీ హక్కుదారులను చేసింది, 23వ సెక్షనునూ ఎత్తివేసింది. కాని 2015లో సుప్రీంకోర్టు, ఆ తేదీకి తండ్రి బతికి ఉంటేనే అది వర్తిస్తుందని చెప్పింది. మా తాత 1991లోనే పోయారు. పెద్దత్తకు అడ్డుపడినవి రెండు తేదీలు: ఒకటి తన పెండ్లి, రెండవది తన తండ్రి చావు.

సంతకానికి కాగితాలు పట్టుకొని వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. అప్పటికి ఆమెకు డెబ్భై దాటాయి. కళ్ళజోడు పెట్టుకొని అంతా నిదానంగా చదివి, వకీలుగారిని ఒకే ప్రశ్న అడిగింది.

"నా మూడంకణాలు ఇంట్లో యాడుండాయో చూపించు నాయనా. ఆ చోటు చూసి సంతకం పెడతా."

వకీలుగారు ఓపికగా చెప్పారు: అవి ఫలానా చోట అని ఉండవమ్మా, అవిభక్తం కదా, ఇంట్లో ప్రతి ఇటుకలోనూ ఉన్నట్టే లెక్క.

"ప్రతి ఇటుకలోనూ ఉంటే మరి యా ఇటుకను అమ్మమంటావు?"

సంతకం పెట్టలేదు. ఇది లోభమని మావాళ్ళలో కొందరు అన్నారు. ఎకరంన్నర పొలం ఊసెత్తకుండా ఇరవై అయిదేళ్ళు ఉన్న మనిషికి ఆ మాట అంటకూడదని నేనన్నాను. అన్నందుకు మూడు నెలలు మా చిన్నాయన కూతురు నాతో మాట్లాడలేదు.

అంతలో కరోనా వచ్చింది, అన్నీ ఆగిపోయాయి. 2020 ఆగస్టు 11న, వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2015 నాటి తీర్పును కొట్టివేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది గనుక తండ్రి 2005 నాటికి ఉన్నాడా లేడా అన్నది అనవసరమన్నది. వాటా తేల్చడానికి ఊహించుకున్న పంపకం నిజమైన పంపకం కాదని కూడా అన్నది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పత్రంతోనో, కోర్టు డిక్రీతోనో నిజంగా పంచుకున్న కుటుంబాలను మాత్రం కదిలించరు. మా ఇంట్లో పత్రం ఎక్కడిది? కేతన తెలుగులోకి తెచ్చిన పుట్టుకతో హక్కు అన్న ఆ మాట ఎనిమిది శతాబ్దాల తరువాత చేరవలసిన చోటికి చేరింది. లెక్క మళ్ళీ మొదటికి వచ్చి, ఎటు తిప్పినా తలకు 15 అంకణాలే తేలింది. అయిదు పదిహేనులు డెబ్భై అయిదు.

తీర్పు వచ్చిన వారానికి బిల్డరు వకీలే ఫోను చేశాడు. ఇక పెద్దత్త సమాన హక్కుదారుగా సంతకం పెట్టనిదే ఫ్లాట్లు కొనేవారికి ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదట. ధర్మం మా మనసుల్లోంచి రాలేదు, గృహరుణాల విభాగంలోంచి వచ్చింది. ఏమైతేనేం, వచ్చింది.

కుటుంబమంతా కంప్యూటర్ తెరల మీద సమావేశమైన ఆ రాత్రి అన్నయ్య తన ఊరి సంగతి ఒకటి చెప్పాడు. అతడుండే భవనాన్ని మూడు కుటుంబాలు కలిసి కొన్నాయి. అక్కడ దాన్ని టెనెన్సీ ఇన్ కామన్ అంటారు: భవనమంతా అందరిదీ, ఏ ఇల్లు ఎవరు వాడుకోవాలో ఒప్పందం. మన ఉమ్మడికి దూరపు చుట్టం. అటువంటి భవనాన్ని కాండొమినియంగా, అంటే విడివిడి దస్తావేజులున్న ఫ్లాట్లుగా మార్చుకోవడానికి నగరం అనుమతి కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కో దశాబ్దాల పాటు ఏడాదికి 200 ఇళ్ళకు మాత్రమే, అదీ లాటరీ వేసి, ఆ అనుమతి ఇచ్చేది. ఏళ్ళ తరబడి చీటీ తగలనివారు వందల్లో పేరుకుపోతే 2013లో ఆ లాటరీని ఆపివేసి, ఎదురుచూస్తున్నవారికి భారీ రుసుము మీద దారి ఇచ్చారు. షరతు ఒకటి పెట్టారు. ఆ ఇంట్లో అద్దెకున్నవారికి జీవితాంతం ఉండే లీజు ఇవ్వాలి. ఇళ్ళు దస్తావేజులుగా విడిపోయిన కొద్దీ అద్దెవాళ్ళు ఊరు వదిలి పోవలసి వస్తుందని ఆ నగరం భయం.

"మరి మన పండితులవారి సంగతేంది?" అన్నాడు అన్నయ్య.

ఎవరూ మాట్లాడలేదు. మా నగరపాలక సంస్థకు 2004లో హోదా వచ్చింది. 2017లో పట్టణాభివృద్ధి సంస్థ కూడా ఏర్పడింది. ఇంటి చుట్టూ ఎన్ని మీటర్లు వదలాలి, రోడ్డుకు ఎంత ఇవ్వాలి, ఎన్ని బండ్లు నిలపాలి అన్నింటికీ నియమముంది. ముప్పై ఏళ్ళు అద్దెకున్న మనిషి ఏమవుతాడన్నదానికి ఏ పట్టికలోనూ గడి లేదు. 2021 సంక్రాంతి వెళ్ళాక ఆయన రెండు బీరువాల పుస్తకాలు లారీకెక్కించుకొని కావలిలో కూతురింటికి వెళ్ళిపోయారు. అగ్రిమెంటులో ఆయన పేరు లేదు. ఆరు నెలల అద్దె తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

ఇల్లు కూల్చడం వారం పని. టేకు దూలాలు, ద్వారబంధాలు పాత కలప వ్యాపారి ఘనపుటడుగుల లెక్కన కొలుచుకొని పట్టుకుపోయాడు. అంకణాలు అంకణాలుగా ఆకాశం కనబడడం మొదలయినప్పుడు నాకు ఆ మాట అర్థం కళ్ళకు కట్టింది. దూలం లేచిపోతే అంకణం లేదు. మిగిలింది ఒట్టి నేల, 600 గజాలు.

ఆ నేల ఏమయిందన్నదే అసలు చెప్పదలచుకున్న విషయం. ఫ్లాటు అంటే ఉమ్మడి బాధ వదిలి ఎవరి తలుపు వారు వేసుకోవడమని మావాళ్ళందరి నమ్మకం. దస్తావేజు చదివితే మరోటి కనబడుతుంది. నా కుటుంబానిది రెండో అంతస్తులో ఒక ఫ్లాటు, దానితోపాటు "60 గజాల అవిభక్త వాటా". అంటే ఏడున్నర అంకణాలు, ప్రతి ఇటుకలోనూ ఉన్నట్టే లెక్క! మన రాష్ట్రపు 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఫ్లాటును సొంతం చేస్తూనే, నేలనూ మెట్లనూ మేడనూ ఉమ్మడిగా ఉంచి, ఆ వాటాను ఫ్లాటు నుంచి విడదీయరాదని శాసించింది. పాత ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా ఆ మర్నాడే పంపకానికి దావా వేయవచ్చు. ఇప్పుడు ఆ నేలను పంచమని అడిగే దారి ఎవరికీ లేదు. తాత నాడు అయిదుగురు బిడ్డల నడుమ ఉన్న ఉమ్మడి ఇప్పుడు పది కుటుంబాల నడుమ శాశ్వతమయింది. అందులో అయిదు కుటుంబాల ఇంటిపేర్లు కూడా నాకు సరిగా తెలియవు. కాండొమినియం అన్న లాటిను మాటను విడదీస్తే 'కలిసి ఏలుకోవడం' అని వస్తుంది. అన్నయ్య చెబితే తెలిసింది. మేము విడిపోవడానికి పడిన పాట్లన్నీ ఇందుకన్నమాట.

కలిసి ఏలుకోవడం చేతగాని జాతేమీ కాదు మనది. పులికాట్ సరస్సులో జాలరులకు 'పాడు' అనే ఏర్పాటు ఉంది. నీటిని ఎవరూ పంచుకోరు. వేట చోట్లకు మాత్రం చీటీలు వేసి, ఎవరి వంతు ఏ రోజు ఎక్కడ అన్నది తేల్చుకుంటారు. మంచి చోటు ఈ రోజు నీది, రేపు వాడిది. 2022 జిల్లాల విభజనలో సూళ్ళూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి పోయింది గాని, ఆ తీరపు మాటలూ పద్ధతులూ మాకు పరాయివి కావు. ఫ్లాట్లు ఎవరికి ఏది అన్న తగవు వచ్చినప్పుడు చిన్నాయన సూచించింది ఇదే. తూర్పు ముఖం కావాలని కొందరు, కింది అంతస్తు కావాలని కొందరు. మొదటి అంతస్తులో ఒక ఫ్లాటంటే అందరికీ భయం. ప్లాను ప్రకారం కట్టినట్టు తేలి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా, కట్టే విస్తీర్ణంలో పదోవంతును నగరపాలక సంస్థకు తనఖా పెట్టాలన్నది నియమం. ఆ పదోవంతు ఇదే. దానిని బిల్డరు వాటాలోకి నెట్టాక, మిగిలిన మా అయిదింటికి మూలస్థానేశ్వరుని గుడి మండపంలో చీటీలు వేశాం. చిన్నత్త మనుమరాలు తీసింది. పెద్దత్తకు అయిదో అంతస్తు తూర్పు ముఖం వచ్చింది.

అందరికన్నా పెద్ద వయసు, అందరికన్నా పై అంతస్తు. మా నాన్న తన రెండో అంతస్తు ఇస్తానన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"అబ్బయా, లిఫ్టు ఉంది గదా. పైనుంటే సముద్రం గాలి బాగా తగులుద్ది."

సముద్రం అక్కడికి పాతిక కిలోమీటర్లు. అయినా సాయంత్రం నాలుగయ్యేసరికి నెల్లూరులో తూర్పు కిటికీ తెరిచినవారికి ఆ మాట అబద్ధమనిపించదు.

2023 చివరలో తాళాలు ఇచ్చారు. కొద్ది నెలలకే తెలిసింది, మేడ మీద హక్కులు కూడా అమ్ముతున్నట్టు ఒక కొనుగోలుదారు ఒప్పందంలో బిల్డరు రాశాడని. మేడ ఉమ్మడిది, అమ్మడానికి అతనికి హక్కు లేదు. ఈ సంగతి తేల్చుకోవడానికే పది కుటుంబాలూ మొదటిసారి పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని కూర్చున్నాయి. సంఘం పెట్టి, 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేద్దామన్నారు. అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అని గంట సేపు మర్యాదలు నడిచాయి. కొత్తగా వచ్చిన కుటుంబాలలో ఒకాయన, ఈ భవనంలో అందరికన్నా ఎక్కువ వాటా ఎవరిదో వారే ఉంటే బాగుంటుందన్నాడు.

"అందరిదీ ఏడున్నరంకణమే" అంది పెద్దత్త, వెనుక కుర్చీలోంచి.

సంఘం రిజిస్టరయింది. బిల్డరుకు నోటీసు వెళ్ళింది, ఆయన నుంచి జవాబు రావలసి ఉంది. అంతవరకు మేడ తలుపుకు సంఘం తరఫున తాళం వేశాం. ఒడియాలు ఎండబెట్టుకోవడానికి ఎవరు అడిగినా ఇవ్వవలసిందే అన్న షరతు మీద, తాళంచెవి పెద్దత్త దగ్గర ఉంది.